బాబు 41 కిలోలు, పాప 20 కిలోలు: ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండు కేసులు

సంక్రాంతి సెలవుల్లో మా ఓపీ నిండా మనవళ్లూ మనవరాళ్లే. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అప్పుడప్పుడు అమెరికా నుంచి వచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని మామ్మలూ తాతలూ వస్తారు. జలుబు, దగ్గు, పిండివంటలతో పాడైన కడుపు మామూలే. వాటితో పాటు ప్రతి పండక్కీ వినిపించే మాట ఇంకొకటుంది. "డాక్టరమ్మా, పిల్లాడు చిక్కిపోయాడు. ఆకలి పుట్టే టానిక్కేదైనా రాయండి."

కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్టణంలో పదిహేడేళ్లుగా పిల్లల డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసు 2025 జనవరిలో మొదలైంది. పెద్దవాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను.

మామ్మగారిది దివిసీమ. వయసు యాభై ఎనిమిది. ఆ రోజు చేయి పట్టుకుని తీసుకొచ్చింది కొడుకు కొడుకుని. తొమ్మిదేళ్ల రెండు నెలల బాబు, హైదరాబాదులో నాలుగో తరగతి. అమ్మానాన్నలిద్దరూ ఐటీ ఉద్యోగులు. బాబు పుట్టినప్పటి నుంచీ ఏడాదిలో ఎనిమిది నెలలు ఈవిడే అక్కడుండి పెంచుతున్నారు. వెనకాల నీళ్ల సీసా, ఫైలు పట్టుకుని నిలబడిన పాప కూతురి కూతురు. తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. అంటే బాబు కంటే రెండు నెలలు పెద్దది. వాళ్లది పల్నాడు వైపు ఊరు. తండ్రి నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. తల్లి సొంత చేలో పని తీరాక కూలికి వెళ్తుంది. పాప చదివేది ఊళ్లో ప్రభుత్వ బడి. ఇద్దర్నీ పక్కపక్కన చూస్తే పాప మూడేళ్లు చిన్నదనుకుంటారు.

"పండక్కి వచ్చినప్పట్నుంచీ సరిగ్గా తినట్లేదండీ. మొహం పీక్కుపోయింది చూడండి" అన్నారు మామ్మగారు బాబు బుగ్గ నిమురుతూ.

కొలతలు

బాబు ఎత్తు 134 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు. ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క, బీఎంఐ, 22.8. నడుము చుట్టుకొలత 74 సెంటీమీటర్లు. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదని పెట్టుకున్న లెక్క ప్రకారం 67 దగ్గర ఆగాలి. కాలరు పక్కకి జరిపి మెడ చూశాను. వెనకవైపు నల్లగా, మందంగా, వెల్వెట్ గుడ్డలా ఉంది. మధ్యలో అక్కడక్కడా ఎర్రగా గీరుకుపోయింది. "ఎండకి నల్లబడింది. రోజూ సున్నిపిండితో రుద్దుతున్నా పోవట్లేదు" అన్నారావిడ. అది మట్టీ కాదు, ఎండా కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతూ కూడా సరిగ్గా పనిచేయనప్పుడు చర్మం అలా నల్లబడుతుంది. అన్నాళ్లుగా పిల్లాడు ఆ రుద్దుడుకి ఏడుస్తున్నాడు.

బాబుకి చూడటం అయిపోయాక పాపని పిలిచాను. "నువ్వూ ఎక్కు తల్లీ." చెప్పులు విప్పి, ఎక్కనా అన్నట్టు అమ్మమ్మ వైపు చూసింది. "దాని సంగతి వదిలేయండి డాక్టరమ్మా, దానికేం జబ్బు లేదు. వాళ్ల నాన్న పోలిక, పీలగానే ఉంటది" అన్నారు మామ్మగారు. ఎక్కించాను. 20 కిలోలు. ఎత్తు 120 సెంటీమీటర్లు. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే లేదు.

పాప బీఎంఐ 13.9. చార్టులో పెడితే మరీ తక్కువేం కాదు, కింది గీతకు పైనే ఉంది. బీఎంఐ ఒక్కటే చూసి పంపేసే చోట ఈ పిల్లని నార్మల్ అని రాసేస్తారు. బరువుతో పాటు ఎత్తు కూడా ఆగిపోతే బీఎంఐ చక్కగానే కనిపిస్తుంది. ఎత్తు చార్టు తీసి చూస్తే పాప మైనస్ రెండు గీత, అంటే ఆ వయసుకి ఉండాల్సిన కనీస ఎత్తు గీత, కిందకి పడిపోయింది. దీన్నే గిడసబారడం అంటాం. ఒక్కరోజులో వచ్చేది కాదిది. కడుపులో ఉన్నప్పుడు మొదలై, మొదటి రెండేళ్లలో గట్టిపడి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కొనసాగుతుంది.

రక్తపరీక్షలు ఇద్దరికీ చేయించాను. బాబుకి పరగడుపు షుగరు 98, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7, రక్తంలో కొవ్వు ట్రైగ్లిజరైడ్లు 168, మంచి కొలెస్టరాల్ 36, లివర్ ఎంజైము ఏఎల్‌టీ 52. షుగరు జబ్బు ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది. లివర్లో కొవ్వు చేరుతోందని అనుమానించాల్సిన రిపోర్టు. పాపకి హిమోగ్లోబిన్ 9.2. ఆ వయసుకి 11.5 ఉండాలి. థైరాయిడు, మూత్రం, మిగతా పరీక్షలు ఇద్దరికీ బాగానే ఉన్నాయి.

పుట్టినప్పుడు బాబు 2.4 కిలోలు, పాప 2.2. ఇద్దరూ తక్కువ బరువుతో పుట్టినవాళ్లే. ఆ తర్వాతే దారులు విడిపోయాయి.

ఏ గీతతో కొలవాలి

"మా వంశమే పీల" అనే మాట రోజూ వింటాను. ఈ కేసులో ఆ మాటని కాస్త ఆగి చూడాలి. పాప తల్లి ఎత్తు 147, తండ్రి ఎత్తు 160. మామ్మగారి మాటకి ఆధారం ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ బాబు తండ్రి ఎత్తు 171. అంటే ఒకే తల్లి కడుపున పుట్టిన కొడుకు 171, కూతురు 147. అన్నాచెల్లెళ్ల మధ్య అంత తేడా ఎందుకొచ్చిందని అడిగితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. "అప్పుడు మాకు ఒకటే గేదె. పాలు మగపిల్లాడికి పోసేదాన్ని. దానికి మజ్జిగ."

ఆ ఒక్క మాట కోసమే ఈ కేసు రాయాలనిపించింది. పోలిక అనుకున్న దానిలో కొంత పోలిక ఉంటుంది, కొంత గేదె పాలు ఉంటాయి. ఏది ఎంతో విడదీయడం ఏ డాక్టరుకీ పూర్తిగా సాధ్యం కాదు. అయినా ఒక సంగతి మాత్రం గట్టిగా తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదేళ్ల లోపు పిల్లలకు 2006లో ఇచ్చిన ఎదుగుదల ప్రమాణాల కోసం బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమాన్, అమెరికా దేశాల్లో పిల్లల్ని కొలిచారు. మన దేశం నుంచి తీసుకున్నది దక్షిణ ఢిల్లీలో కలిగినవాళ్ల పిల్లల్ని. తల్లిపాలు, చాలినంత తిండి, శుభ్రమైన ఇల్లు, జబ్బు చేస్తే వైద్యం ఉన్నచోట ఆ వయసు పిల్లలు ఆరు దేశాల్లోనూ దాదాపు ఒకేలా పొడుగయ్యారు. ఢిల్లీ పిల్లలు పీల కాలేదు.

అయితే లావు సంగతి దగ్గర మనం వేరే. అయిదేళ్లు దాటిన పిల్లలకి మేము ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో తెచ్చిన చార్టులు వాడతాం. వాటిలో అధిక బరువు గీత, పెద్దయ్యాక బీఎంఐ 23కి చేర్చే దారి. ఊబకాయం గీత 27కి చేర్చే దారి. పాశ్చాత్య దేశాల్లో పెద్దవాళ్లకి వాడే 25, 30 కంటే ఇవి కింద ఉన్నాయి. కారణం మన ఒంటి తయారీ. పుణెకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన పిల్లల్ని పోల్చారు. సౌతాంప్టన్ పిల్లలు సగటున 3.5 కిలోలు, మన పిల్లలు 2.7. కండ, ఎముక, పొట్టలోని అవయవాలు అన్నీ మనవాళ్లకి తక్కువే. చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు వాళ్లంత ఉంది. ఆయన 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇంకొకటి చూపించారు. ఆయనదీ, లండన్‌లోని జాన్ యుడ్కిన్ అనే డాక్టరుదీ బీఎంఐ సరిగ్గా 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మెడికల్ విద్యార్థులకి క్లాసు చెప్పాల్సి వస్తే నేను మొదట చూపించేది ఆ ఇద్దరు పక్కపక్కన నిలబడిన ఫోటోనే.

ఈ తేడా అదే రోజు నా టేబుల్ మీదకే వచ్చింది. మాట్లాడుతుండగా మామ్మగారు ఫోన్ తీసి డాలస్‌లో ఉన్న చిన్నకొడుకు పిల్లాడి ఫోటో చూపించారు. "వీడు చూడండి ఎంత ముద్దుగా ఉన్నాడో. మావాడు ఇలా ఉండాలని నా కోరిక." ఆ పిల్లాడికి పదేళ్లు, 140 సెంటీమీటర్లు, 37.5 కిలోలు. వాళ్ల డాక్టరు 83వ పర్సంటైల్ (వందమందిలో 83 మంది కంటే బీఎంఐ ఎక్కువ), నార్మల్ అన్నారట. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టులో అధిక బరువు 85 నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ మాట వాళ్ల లెక్కన సరైనదే. మన చార్టులో పెడితే అదే పిల్లాడు అధిక బరువు గీత పైన ఉన్నాడు. ఈ పిల్లల తాతగారు షుగరుతో కాలు పోగొట్టుకుని యాభై ఆరేళ్లకే కన్నుమూశారు. అమెరికాలో పిల్లలకి షుగరు పరీక్ష ఎప్పుడు చేయాలో చెప్పే సలహాల్లో కుటుంబంలో షుగరు ఉండటం, జాతి, రెండూ ఉన్నాయి. కానీ ముందు 85 దాటి ఉండాలి. ఈ పిల్లాడు గీత కింద నిలబడి ఆ పరీక్ష నుంచి తప్పిపోతున్నాడు. చిన్నకొడుకుతో ఫోన్లో మాట్లాడి, నడుము కొలిపించమని, తాతగారి సంగతి వాళ్ల డాక్టరుకి చెప్పమని చెప్పాను.

రెండు కంచాలు

ఏం తింటున్నాడని అడిగితే ఏ ఇంట్లోనైనా వచ్చే జవాబు ఒకటే, "ఏమీ తినడండీ". అందుకే మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనం క్యారియరు ఆసుపత్రికి తెచ్చి నా ముందే పెట్టమన్నాను. తెచ్చారు. అన్నం, ముద్దపప్పు, బంగాళాదుంప వేపుడు, నెయ్యి. తినిపించే ముందు అన్నం వంటింటి తూకం మీద పెట్టాను. 420 గ్రాములు.

మామ్మగారు కలపడం మొదలుపెట్టారు. ముద్ద నిమ్మకాయంత. ఫోన్లో కార్టూన్ పెట్టి చేతికిచ్చారు. తొమ్మిదో ముద్దకి పిల్లాడు తల పక్కకి తిప్పాడు, "చాలు నాయనమ్మా" అన్నాడు. ఆవిడకి అది వినిపించినట్టే లేదు. "ఇది తాతయ్య ముద్ద. ఇది కాకి ముద్ద. ఇది అమెరికా బాబాయి ముద్ద." నోరు తెరుస్తూనే ఉన్నాడు, కళ్లు ఫోన్ మీదే. ఇంకో పది ముద్దలు వెళ్లాయి. కంచం ఖాళీ అయ్యాక ఆవిడ మొహంలో కనిపించిన తృప్తి అంతా ఇంతా కాదు. పిల్లాడి పొట్ట తొమ్మిదో ముద్దకే చాలని చెప్పింది. ఆ మాట ఏళ్ల తరబడి ఎవరూ వినకపోతే పొట్ట చెప్పడం మానేస్తుంది.

మిగతా రోజంతా ఇలా ఉంది. పొద్దున పాలల్లో రెండు చెంచాల మాల్ట్ పొడి, రెండు చెంచాల పంచదార. ఇడ్లీలు నాలుగు, పల్లీ చట్నీ. స్కూలు బస్సు ఏడుంబావుకి. స్నాక్ డబ్బాలో క్రీము బిస్కెట్లు. సాయంత్రం వచ్చి ట్యూషన్‌కి వెళ్లే ముందు నూడిల్సో బేకరీ కర్రీ పఫ్ఫో. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ అన్నం. పదకొండింటికి నిద్ర. ఆడుకునే చోటు లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో బంతి ఆడితే కార్లకి తగులుతుందని తిడతారట.

పాపని అడిగాను. పొద్దున చద్దన్నం, పచ్చడి. అది లేకపోతే టీ, బన్ను. మధ్యాహ్నం బళ్లో భోజనం. సాయంత్రం అయిదు రూపాయల ప్యాకెట్. రాత్రి అన్నం, చారు, ఒక్కోరోజు పప్పు. వాళ్లింట్లో ముందు నాన్న, తర్వాత తమ్ముడు, చివర్న అమ్మా తనూ తింటారు. మామ్మగారి చేత్తో ముద్దలు తిన్న గుర్తు పాపకి లేదు.

"బళ్లో గుడ్డు పెడతారు కదా, తింటావా?" అన్నాను. తలూపింది. "నిజంగా తింటావా?" మళ్లీ అడిగితే కిందకి చూసింది. కాసేపటికి చెప్పింది. "తమ్ముడికి తెస్తాను. కంపాస్ పెట్టెలో పట్టదు, అందుకే గౌను జేబులో పెట్టుకుంటాను. ఒకసారి పగిలింది."

నేను పెన్ను కింద పెట్టాను. డొక్కా సీతమ్మ పేరు పెట్టిన బడి భోజనంలో ఈ పాప పేరు మీద గుడ్లు ఖర్చయినట్టు రిజిస్టరులో ఉంటుంది. లెక్క తప్పేం లేదు, గుడ్డు ఇంటికి వెళ్తోంది, అంతే. శుక్రవారం తర్వాత సోమవారం దాకా తమ్ముడు అక్క కోసం గుమ్మంలో ఎదురుచూస్తాడట, గుడ్డు రోజు ఎప్పుడొస్తుందా అని.

రెండు కంచాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక ఉంది. రెండిట్లోనూ పెత్తనం తెల్లన్నానిదే. రోజు మొత్తం శక్తిలో తిండిగింజల వాటా 45 శాతానికి మించకుండా చూసుకుని, పప్పులు, గుడ్లు, మాంసం, కూరగాయలు, పాలు పెంచుకోమని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల్లో ఉంది. ఈ రెండిళ్లూ ఆ మాటకి దూరంగానే ఉన్నాయి. ఒక ఇంట్లో కొనగలిగి కూడా పప్పు, గుడ్డు తక్కువ, నెయ్యీ పంచదారా ఎక్కువ. ఇంకో ఇంట్లో కొనలేక తక్కువ.

తుఫాను

పెద్దావిడ కన్ను ఇద్దరు పిల్లల్నీ ఇంత వేరుగా ఎందుకు చూస్తోందో నాకు అర్థమైంది నాలుగో విజిట్‌లో. అంతకుముందు నేనడిగింది కూడా లేదు. తప్పు నాదే. ఆవిడకి పదేళ్లప్పుడు, 1977 నవంబరు 19న, దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయారు. ఆవిడ ఇద్దరు తమ్ముళ్లని పోగొట్టుకున్నారు. ఒకడు నీళ్లలో. రెండోవాడు రెండు నెలల తర్వాత, గంజి దొరక్క కాదు, దొరికిన గంజి ఒంట పట్టక, విరేచనాలతో. "ఎముకలు కనపడేవండీ. చంకలో పెట్టుకుంటే గుచ్చుకునేవి" అన్నారు. పిల్లాడి ఒంటి మీద కాస్త కండ కనిపిస్తేగానీ ఆవిడకి రాత్రి నిద్ర పట్టదు. ఎముక కనిపిస్తే టెన్షన్.

మరి పాప ఎముకలు ఎందుకు కనిపించలేదు? ఆడపిల్ల సన్నగా ఉంటే భయం వేయదు, అలాగే ఉంటుందనుకుంటారు. పోయింది తమ్ముళ్లు కాబట్టి ఆ భయమంతా మగపిల్లల చుట్టూనే అల్లుకుంది. ఇది నా ఊహ. ఆవిడతో అన్నాను కూడా. ఆవిడ కాదనలేదు.

బరువు విషయంలో సంస్కృతి అంటే పండగలూ వంటకాలూ అనుకుంటారు. నాకు ఎదురయ్యేది ఎక్కువగా ఇదే. ఎంత లావుంటే ముద్దు, ఎంత సన్నగా ఉంటే భయం, ఎవరి కంచంలో ముందు వడ్డిస్తారు, ఎవరికి చివర్న మిగులుతుంది. ఆకలి చూసిన తరం పెంచుతున్న పిల్లలు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు.

ఇద్దరే కాదు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం గిడసబారినవాళ్లు, తెలంగాణలో 33.1 శాతం. అధిక బరువు ఆంధ్రలో 2.7, తెలంగాణలో 3.4. చిన్న అంకెలే, కానీ దేశం మొత్తం మీద నాలుగైదేళ్లలో 2.1 నుంచి 3.4కి పెరిగింది. దేశంలో అట్టడుగు పేద కుటుంబాల్లో 46 శాతం పిల్లలు గిడసబారితే, పై మెట్టు మీదున్న కుటుంబాల్లో కూడా 23 శాతం ఉన్నారు. డబ్బుంటే పిల్లలు పొడుగవుతారన్న నమ్మకానికి ఆ 23 అడ్డం.

ఇప్పటికి మన దగ్గర లావు డబ్బున్నవాళ్ల ఇంట్లోనే ఎక్కువ. ఇంగ్లండులో ఇది తలకిందులు. అక్కడ ప్రాథమిక బడి చివరి తరగతి పిల్లల్ని ఏటా కొలుస్తారు. 2022-23లో అత్యంత పేద ప్రాంతాల్లో 30.2 శాతం పిల్లలకు ఊబకాయం ఉంటే, అత్యంత కలిగిన ప్రాంతాల్లో 13.1 శాతం. అక్కడ చవకైన తిండే లావు చేసే తిండి. అమెరికాలో 2017-20 మధ్య లెక్కలు చూస్తే లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లల్లో 26.2 శాతం, నల్లజాతి పిల్లల్లో 24.8, తెల్లజాతి పిల్లల్లో 16.6, ఆసియా పిల్లల్లో 9 శాతం ఊబకాయం. ఆ 9 చూసి మనవాళ్లు మురిసిపోవడం నాకు నచ్చదు. అది మన ఒంటికి సరిపోని గీతతో కొలిచిన అంకె. పైగా చైనా నుంచి ఇండియా దాకా అందర్నీ ఒకే గంపలో వేసి లెక్కగట్టింది.

పల్నాడు పల్లెలో పాప సాయంత్రం తినే అయిదు రూపాయల ప్యాకెట్ నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఇంగ్లండులో జరిగిన తలకిందులు మన దగ్గర కూడా ఆ ప్యాకెట్ నుంచే మొదలవుతుంది. ప్రపంచం మొత్తం మీద అయిదేళ్ల నుంచి పంతొమ్మిదేళ్ల వయసు పిల్లల్లో ఊబకాయం 9.4 శాతానికి చేరి, తక్కువ బరువు 9.2ని దాటిందని యునిసెఫ్ 2025లో ప్రకటించింది. గిడసబారిన పిల్లకి ముందు ముందు లావు తోడైతే ఏమవుతుందో ఢిల్లీలో 1969-72 మధ్య పుట్టినవాళ్లని ముప్పై ఏళ్లపాటు గమనించి 2004లో చెప్పారు. రెండేళ్ల వయసులో సన్నగా ఉండి, తర్వాత వేగంగా బరువెక్కుతూ పోయినవాళ్లకే షుగరు ఎక్కువగా వచ్చింది. అందుకే పాపకి మాల్ట్ పొడి, గ్లూకోజు బిస్కెట్లు, నెయ్యి అన్నం రాసి 20 కిలోల్ని గబగబా 26 చేస్తే నేను మంచి డాక్టర్ననిపించుకుంటాను, కానీ ఆ పిల్లకి మేలు చేసినట్టు కాదు. పెరగాల్సింది ముందు ఎత్తు, కండ, రక్తం.

చేసింది, తప్పింది

జనవరిలో బాబుకి నేనిచ్చింది అచ్చేసిన డైట్ చార్టు. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, మొలకల సలాడ్. కోడలు దాన్ని ఫ్రిజ్ మీద అంటించి ఫోటో పంపింది. దాని పక్కనే వంటింట్లో అంతా మునుపటిలాగే నడిచింది. వండేదీ పెట్టేదీ మామ్మగారు, కాగితం కోడలి పేరు మీద. మార్చిలో వీడియో కాల్లో చూస్తే బరువు 42.

ఇంకో తప్పు దీనికంటే పెద్దది. మొదటి రోజు పిల్లాడి ఎదురుగానే "ఊబకాయం" అన్నాను. ఇంటికెళ్లి అర్థం అడిగాడట. బళ్లో అప్పటికే బోండాం అని పిలుస్తున్నారు. రెండు రాత్రులు అన్నం ముట్టలేదు. అది విన్న మామ్మగారు మూడో రోజు రెట్టింపు పెట్టారు. అప్పటి నుంచీ నేను పిల్లల ముందు బరువు అంకె చదవడం మానేశాను. పక్క గదిలో రాసుకుని పెద్దవాళ్లకే చెప్తున్నాను. పిల్లలతో మాట్లాడాల్సింది ఆటలు, నిద్ర, ఆకలి గురించి.

మేలో వేసవి సెలవులకి వచ్చినప్పుడు కొత్తగా మొదలుపెట్టాం. ఈసారి కుర్చీలో కూర్చోబెట్టింది మామ్మగారిని. "ఇంట్లో అన్నిటికంటే పెద్ద డాక్టరు మీరే, మందు మీ చేతిలోనే ఉంది" అన్నాను. నిజంగానే అన్నాను, బుజ్జగించడానికి కాదు. వంటకాలు ఏవీ మార్చలేదు. వరస మార్చాం. ముందు కంచంలో పప్పు, కూర, గుడ్డు. అవి సగం అయ్యాక అన్నం, ఒక గరిటె. ముద్దలు పిల్లాడే కలుపుకుంటాడు. చాలన్నప్పుడు చాలు. ఫోన్ వేరే గదిలో. మాల్ట్ పొడి మానేశారు, పాలు పంచదార లేకుండా. స్నాక్ డబ్బాలో వేయించిన పల్లీలు, ఉడకబెట్టిన శనగలు, జామకాయ. ఆదివారం బిర్యానీ అలాగే ఉంచాను. అది తీసేస్తే ఆ ఇల్లు నా మాట వినేది కాదు. తండ్రి రోజూ ఏడింటికి బాబుని తీసుకుని వీధి చివరి గుడి దాకా సైకిల్ మీద వెళ్లొస్తాడు. నిద్ర తొమ్మిదిన్నరకి.

సున్నిపిండి ఆపించాను. ఆ రోజు పిల్లాడు నా వైపు మొదటిసారి నవ్వుతూ చూశాడు.

పాప విషయంలో ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర రాయడం అయిదు నిమిషాల పని. బళ్లో వారం వారం ఇచ్చే గులాబీ రంగు మాత్ర వాంతి వస్తుందని పారేసేదట. పరగడుపున మింగడం వల్ల అలా అయ్యేది. ఇకపై ఇంట్లో సిరప్పు, బళ్లో మాత్ర రెండూ అన్నం తిన్నాకే వేసుకోమన్నాను. కానీ గుడ్డు సంగతి తేలకుండా ఏ సిరప్పూ నిలవదు. "తమ్ముడికి ఇవ్వకు, నువ్వే తిను" అని తొమ్మిదేళ్ల పిల్లకి చెప్పడం నాకు చేతకాలేదు. చెప్పినా వినేది కాదు.

తమ్ముడికి నాలుగేళ్లు. ఆ వయసు పిల్లలకి అంగన్వాడీలో రోజూ అన్నం, గుడ్డు, పాలు ఉంటాయి. పేరు రాయించారా అని తల్లికి ఫోన్ చేసి అడిగాను. లేదు. పనులకి పొద్దున్నే వెళ్లిపోతారు, దింపేవాళ్లు లేరు, అంగన్వాడీ ఊరికి అటు చివర. ఆ ఊరి ఆశా కార్యకర్త నంబరు సంపాదించి మాట్లాడాను. పాప బడికి వెళ్లే దారిలో చిన్న మళ్లింపు వేస్తే అంగన్వాడీ తగులుతుంది. ఇప్పుడు అక్కే తమ్ముణ్ణి దింపి బడికి వెళ్తోంది. జూన్ మూడో వారంలో తల్లి ఫోన్ చేసింది. "వాడు గుడ్డు అక్కడే తినేసి వస్తున్నాడండీ. పాపది పాప తింటోంది."

పదిహేడేళ్లలో నేను రాసిన ప్రిస్క్రిప్షన్లలో అంత బాగా పనిచేసింది ఇంకోటి గుర్తు రావట్లేదు.

దసరా సెలవులు

సెప్టెంబరు ఆఖర్లో మళ్లీ కలిసి వచ్చారు. బాబు ఎత్తు 138, బరువు 42. బీఎంఐ 22.8 నుంచి 22.1కి వచ్చింది. బరువు తగ్గించలేదు, ఎత్తు పెరిగేదాకా ఆపగలిగాం. ఆ వయసులో నేను కోరేది అదే. నడుము 72, ఏఎల్‌టీ 38. మెడ రంగు కాస్త తేరింది. ఇంకా ఊబకాయం గీత పైనే ఉన్నాడు, దారి పొడుగ్గానే ఉంది. హైదరాబాదులో మామ్మగారు లేని వారాల్లో బయటి నుంచి ఆర్డర్లు ఎక్కువవుతున్నాయని తండ్రే ఒప్పుకున్నాడు. దాని మీద ఇంకా పని చేయాలి.

పాప ఎత్తు 124, బరువు 23, హిమోగ్లోబిన్ 11.4. ఎత్తులో ఇంకా కింది గీత దగ్గరే ఉంది. తొమ్మిదేళ్ల దగ్గర మొదలుపెడితే పోయినదంతా తిరిగి రాదు. కానీ ఈ ఎనిమిది నెలల్లో తన వయసు పిల్లలు ఎంత పొడుగవ్వాలో అంతా అయింది. ఈసారి తూకం ఎక్కడానికి అమ్మమ్మ వైపు చూడలేదు.

వాళ్లతో పాటు ఈసారి తల్లి కూడా వచ్చింది. మిరప ధర పడిపోయిన ఏడాది కావడంతో కౌలు బాకీ తీరలేదు, పుట్టింటికి సాయం అడగడానికి వచ్చినట్టుంది. కుర్చీలో కూర్చుంటూ బల్ల పట్టుకుంది. కనురెప్ప లాగి చూశాను. పాపది జనవరిలో ఎలా ఉందో అలాగే తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. నాలుగో నెల అని అప్పుడు చెప్పింది.

ఐరన్ మాత్రలు రాసి, గర్భిణిగా అంగన్వాడీలో పేరు రాయించమని ఆశాకి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ఆ ఊరికి దగ్గరున్న ప్రసూతి డాక్టరుకి ఉత్తరం రాసిచ్చాను. మిరపకోతలు మొదలయ్యేసరికి ఆమెకి ఎనిమిదో నెల వస్తుంది. వంగి కోసే పని, రోజంతా ఎండలో. కోతలకి వెళ్లొద్దని నేను ఒక్క మాటలో అనేయగలను. ఆ కూలి లేకపోతే ఇల్లు ఎలా గడుస్తుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మామ్మగారు అంతవరకూ వింటూ కూర్చున్నారు. "డిసెంబరులో హైదరాబాదు వెళ్లను. దీన్ని ఇక్కడే ఉంచుకుంటాను. ఏం పెట్టాలో రాసివ్వండి" అన్నారు.

ఈసారి అచ్చేసిన కాగితం తీయలేదు. ఆవిడ చెప్తుంటే నేను రాశాను, ఆవిడ వండే కూరల పేర్లతోనే.